ఎవ్వలకూ చెప్పొద్దన్న నౌకరి

మా ఆయనను మొట్టమొదట "సార్" అని పిలిచినవాడు ఒక దొంగ. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

మాది ఎల్లారెడ్డి. ఇంటి ముందర గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు, బడి పిల్లల బట్టలు కుడతాను. మా ఆయన దుబాయిలో సలాకలు కట్టే పని చేసేవాడు. అంటే పెద్ద పెద్ద బిల్డింగులకు ఇనుప చువ్వలు వంచి, తీగతో బిగించి కట్టడం. కంపెనీ మూతబడితే ఇంటికొచ్చేశాడు. వచ్చిన కొత్తలో వీధి వీధంతా "ఎప్పుడొచ్చినవ్" అని అడిగింది. కొన్నాళ్లు పోయాక "ఎప్పుడు పోతవ్" అని అడగడం మొదలుపెట్టింది. ఆ రెండో ప్రశ్నకు జవాబు లేక ఆయన గడప దాటడమే మానేశాడు. నా మిషను పక్కన కూర్చుని, దారం తెగినప్పుడల్లా సూదిలో ఎక్కించడానికి తంటాలు పడేవాడు. చువ్వలు వంచిన ఆ వేళ్లకు సూది బెజ్జం చిక్కేది కాదు. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది. ఏడిస్తే ఇంకా కుంగిపోతాడని తిట్టేదాన్ని.

అటువంటి మనిషికి ఒక పొద్దున ఫోనొచ్చింది.

"నమస్కారం సార్. మీతో రెండు నిమిషాలు మాట్లాడవచ్చా సార్?" అన్నాడట అవతలివాడు, టీవీలో వార్తలు చదివే తెలుగులో.

మా ఆయనను మేస్త్రీలు "అరేయ్" అన్నారు. కంపెనీవాళ్లు పేరు కూడా అనకుండా నంబరుతో పిలిచారు. నేను "ఏమయ్యా" అంటాను. సార్ అన్న మాట చెవిన పడేసరికి, వంగిపోయిన ఆ నడుం నిటారుగా నిలబడింది. నేను అప్పుడు పక్కనే ఉన్నాను, ఎవరో పెద్దమనిషి ఫోను చేశాడనుకున్నాను. ఆయన ఫోను పట్టుకుని బాత్రూం వెనకాలకు పోయాడు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే మేమంతా వట్టి పిచ్చివాళ్లమనుకుంటారు. మా దగ్గర గల్ఫుకు పోయే సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. వీసా మాట బయటపడితే దిష్టి తగులుతుందని భయం. దిష్టి తగలకపోతే, పక్కింటివాడు అదే ఏజెంటు దగ్గరికి పోయి తన బామ్మర్దిని ముందర నిలబెడతాడని ఇంకో భయం. అందుకని అక్కడ విమానం దిగి "చేరుకున్న" అని ఫోను చేసేదాకా కన్నతల్లికి కూడా సగమే చెబుతారు. మా వీధిలో ఎవరింటాయన పోయాడో మాకు దండెం మీద తెలుస్తుంది. కొన్నాళ్లపాటు ఆ ఇంట్లో ప్యాంట్లు ఆరకపోతే పోయాడని అర్థం. తెలిసినా అడగం. వాళ్లంతట వాళ్లు చెప్పినప్పుడు, అప్పుడే విన్నట్టు "అవునా" అనడం మా మర్యాద.

కాబట్టి మా ఆయన రోజూ ఫోను తీసుకుని బాత్రూం వెనకాలకు పోతుంటే నేను ముందు వీసా అనుకోవాల్సింది. అనుకోలేదు. ఇంకెవతో ఉందనుకున్నాను. ఈ వయసులో ఈయనకెవరు దొరికిందబ్బా అని ఒకపక్క మంట, ఒకపక్క ఆశ్చర్యం. ఉతికిన బట్టల బకెట్టు చంకనబెట్టుకుని గోడ పక్కన నిలబడి విన్నాను. "అట్లనే సార్. అవును సార్. పంపిస్త సార్." ఇటు ఈయన సార్, అటు వాడు సార్. మధ్యలో ఆడమనిషి ఎవరూ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏందయ్యా ఈ సార్ల ముచ్చట?" అని ఎదురుగా పోయి నిలబడ్డాను.

ఆయన ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఎవ్వలకు చెప్పకు. నౌకరి వచ్చింది."

"ఏం నౌకరి?"

"గోదాంల సూపర్‌వైజర్. ఏసీల కూసునుడే. జిల్లా మొత్తంల నన్నొక్కన్నే తీసుకున్నరట."

"నిన్నే ఎందుకు తీసుకున్నరు?" అన్నాను. నిజంగా తెలుసుకుందామనే అడిగాను. ఆయన మొహం చిన్నబోయింది. కట్టుకున్న పెండ్లాం అడగాల్సిన ప్రశ్న కాదది. వెంటనే సర్దుకుని, "అంటే, గోదాం పని నీకొస్తదా అని" అన్నాను.

"అది వాళ్లడగలే."

చూడండి, దొంగతనం మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది. వాడు ఆధార్ అడిగాడు, పాస్‌పోర్టు అడిగాడు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ అడిగాడు. పని వచ్చా అని మాత్రం అడగలేదు. నాకు ఒక్క క్షణం అనుమానం తగిలింది కూడా. కానీ వెంటనే ఆయన, "ఆ సారు గూడ ఎవ్వలకు చెప్పద్దన్నడు" అన్నాడు. దాంతో నా అనుమానం కాస్తా తుడిచిపెట్టుకుపోయింది. ఎవరికీ చెప్పొద్దన్నాడంటే పద్ధతి తెలిసిన మనిషే అనుకున్నాను.

మా దగ్గర అసలు ఏజెంటు ఎలా ఉంటాడో తెలిసి కూడా ఇంత మోసపోయాం. అసలు ఏజెంటు మనకు ఫోను చేయడు. మనం చేస్తే ఎత్తడు. ఆఫీసుకు పోతే బయట బల్ల మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం అన్నానికి పోయి, మళ్లీ వచ్చి, "నువ్వింకా పోలేదా" అంటాడు. చేతులు చూపించమంటాడు, కాయలు కాశాయా లేదా అని. అది చేతకాదు ఇది చేతకాదు అని పది వంకలు పెడతాడు. మర్యాద ఇచ్చే ఏజెంటు మా జిల్లాలో ఇంతవరకూ పుట్టలేదు. తనంతట తాను ఫోను చేసి, సార్ అని, మీరు ఎంపికయ్యారు అంటున్నాడంటే అక్కడే పట్టేసుకోవాల్సింది. కానీ ఏం చేస్తాం, తిట్లు తిని తిని ఉన్నవాళ్లకు మర్యాద మత్తెక్కించింది.

ఆయన ఒక్కో కాగితం ఫొటో తీసి పంపినప్పుడల్లా అవతలినుంచి "వెరీ గుడ్ సార్" అని వచ్చేది. బడిలో ఏ పంతులూ ఆయనను గుడ్ అనలేదట. దాంతో ఈయన వాడు అడిగినవీ పంపాడు, అడగనివీ పంపాడు. రేషన్ కార్డు కూడా పంపాడు. ఎందుకయ్యా అంటే, "ఉండనియ్యె, మంచిగుంటది" అన్నాడు.

ఆ తర్వాత ఇంకో ఫొటో కావాలన్నారు. ఆధార్ కార్డును గదవ కింద పట్టుకుని, మొహమూ కార్డూ రెండూ కనబడేలా. దాన్ని తీసింది నేనే. గడ్డం గీయించాను. నేను కుట్టిన నీలం చొక్కా ఇస్త్రీ చేసి తొడిగించాను. వెలుగు బాగా పడే గోడకు నిలబెట్టి, కాలర్ సర్ది, "జర నవ్వు" అన్నాను. నవ్వాడు. దుబాయినుంచి వచ్చిన తర్వాత అదే మొదటి నవ్వు. మా పెండ్లి ఫొటోలో ఆయన కండ్లు మూసుకున్నాడు. కాబట్టి మా ఇంట్లో ఆయనకున్న మంచి ఫొటో అదొక్కటే. దాన్ని మేమే మా చేతులతో దొంగకు పంపాం.

ఇక మిగిలింది నేను. కుటుంబానికి కంపెనీ బీమా ఇస్తుందట, దానికి నా ఆధార్, నా బ్యాంకు ఖాతా కావాలట. అవీ పోయాయి. వీసా ముద్ర పడే రోజు నా ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది చెబితే చాలు, పని అయిపోయినట్టే అన్నాడు. నా ఖాతాలో ఉన్నది నా కుట్టుకూలీ. అది ఎంతో చెప్పను, నా నడుంనొప్పిని అడిగితే చెబుతుంది.

పెద్ద బ్యాగు కొనడానికి కామారెడ్డి పోయాం. ఎల్లారెడ్డిలో కొంటే వీధికి తెలిసిపోతుంది. కామారెడ్డిలో కొని, గోనెసంచిలో చుట్టి, మొక్కజొన్న విత్తనాల మూటలా బస్సులో వేసుకురావడం మా దగ్గర అందరూ చేసే పనే. ఆ బ్యాగుల దుకాణం సేటు ముసలాయన. మమ్మల్ని చూసి, "రా చెల్లె, ఏం గావాలె?" అన్నాడు.

"పెండ్లి ఉన్నది సేట్, పెద్ద బ్యాగు గావాలె."

ఆయన నవ్వకుండా అడిగాడు. "ఎన్ని కిలోల పెండ్లి? ముప్పై కిలోలదా, నలభై కిలోలదా?"

విమానంలో ఎంత బరువు ఒప్పుకుంటారో ఆయనకు తెలుసు, మేం అబద్ధం చెబుతున్నామనీ తెలుసు. మా ఆయన నేల చూస్తూ, "ముప్పై" అన్నాడు.

అంతలో వరుసగా నిలబెట్టిన బ్యాగుల వెనక ఒక జాకెట్టు వీపు కనబడింది. కుట్టు నాదే. నా కుట్టును నేను గుర్తుపట్టనా? ఎదురింటి వదినె. పక్కన ఆమె భర్త, మా ఆయనకంటే ముందే గల్ఫునుంచి వచ్చి ఖాళీగా ఉన్నాడు. మేం వాళ్లను చూశాం, వాళ్లు మమ్మల్ని చూశారు. నలుగురికీ పారిపోవడానికి దారి లేదు.

"వదినె, గిట్ల వచ్చినవేంది?" అన్నాను.

"మా తమ్ముని పెండ్లి ఉన్నది" అంది. ఆ తమ్ముడి పిల్లలకు కిందటేడు యూనిఫారాలు కుట్టింది నేనే. అయినా నేను, "అవునా" అన్నాను. మర్యాద మర్యాదే కదా.

"మరి మీరు?"

"మాది గూడ పెండ్లే."

అప్పుడు ఎదురింటాయన ఫోను మోగింది. ఆయన గల్ఫులో డ్రిల్లింగు మిషను మీద పనిచేశాడు, చెవులు సరిగా వినబడవు. స్పీకరు పెట్టనిదే మాట్లాడలేడు. రహస్యం కదా అని దుకాణం బయటికి పోయి మెట్ల మీద నిలబడ్డాడు, స్పీకరు మాత్రం మోగుతూనే ఉంది. వార్తల తెలుగు దుకాణమంతా వినబడింది.

"సార్, జిల్లా మొత్తంలో మిమ్మల్ని ఒక్కరినే తీసుకున్నాము సార్. దయచేసి ఎవరికీ చెప్పవద్దు సార్."

నేను మా ఆయనను చూశాను. ఆయన చేతిలో బ్యాగు పిడి ఉంది. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. జిల్లా మొత్తంలో ఒక్కరే అయిన ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నారు, ఒకే దుకాణంలో బ్యాగులు కొంటున్నారు. గోదాం ఒక్కటి, సూపర్‌వైజర్లు ఎంతమందో ఆ దొంగకే తెలియాలి.

ఎదురింటాయన ఫోను పెట్టేసిన కాసేపటికి నా ఫోనులో నంబరు వచ్చింది. ఆ వెంటనే మా ఆయన ఫోను మోగింది. నేను లాక్కుని హలో అన్నాను.

"మేడం, మీకు ఒక నంబరు వచ్చి ఉంటుంది. దయచేసి చెప్పండి మేడం."

"చెప్తగని, మా ఆయన ఇంతకుముందు ఏం పని చేసిండో చెప్పు."

"మేడం, సార్ ప్రొఫైల్ చాలా బాగుంది."

"పని ఏందని అడుగుతున్న."

వాడు మళ్లీ అందుకున్నప్పుడు మేడమూ లేదు, సారూ లేడు. "చెప్తే చెప్పండి, లేకపోతే క్యాన్సిల్. మీ ఆయన కాగితాలన్నీ నా దగ్గరున్నాయి" అన్నాడు. అప్పుడు వినిపించింది నాకు అసలు మనిషి గొంతు. నా నోటికొచ్చిన నాలుగు మాటలు అన్నాను, అవి ఇక్కడ రాయను. ఫోను పెట్టేసి, ఎదురింటివాళ్లకు కూడా సంగతి చెప్పాను.

సేటు అందరికీ చాయ్ తెప్పించాడు. "పెండ్లి ఆగిందా చెల్లె?" అని మెల్లగా అడిగాడు. ఆగింది సేట్ అన్నాను. మగవాళ్లిద్దరూ కొనని బ్యాగుల మీద కూర్చుని చాయ్ తాగారు. మా ఆయన ఒక్క మాటే అన్నాడు, "ఎంత మంచిగ మాట్లాడిండే." నాకు తిట్టబుద్ధి కాలేదు.

ఎల్లారెడ్డిలో దిగీదిగగానే బ్యాంకుకు పోయి ఖాతాలు బంద్ పెట్టించాం, సైబర్ నేరాల నంబరుకు ఫోను చేసి చెప్పాం. బ్యాంకులో అమ్మాయి, "పైసలు పోలేదు గదా, బతికిపోయిండ్రు" అంది. మరి ఆధార్ పట్టుకున్న ఫొటో ఎలా వాపసు వస్తుందని అడిగాను. ఆ అమ్మాయి నా వైపు జాలిగా చూసి, తర్వాతి టోకెను పిలిచింది.

ఇంటికి పోయేముందు బస్టాండులో మేం నలుగురం ఒక ఒప్పందానికి వచ్చాం. అదేమిటో మీరే ఊహించవచ్చు. ఎవరికీ చెప్పకూడదని. దొంగ ఏం చెప్పాడో అదే. వాడిచ్చిన ఉద్యోగం పోయినా వాడి ఆజ్ఞ మాత్రం మేం మీరలేదు.

అది అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన మళ్లీ మిషను పక్కకు చేరాడు, సూదిలో దారం ఎక్కించే పనికి. అలా ఉండగా, ఒకరోజు మధ్యాహ్నం ఎవరో తలుపు దగ్గర నిలబడ్డారు. నడివయసు మనిషి, తెల్ల టోపీ, చెప్పులు బయటే విడిచాడు. చేతిలో గుడ్డసంచి.

"సార్ ఉన్నరా?" అన్నాడు. మాటలో మరాఠీ యాస.

"ఏ సార్?"

"కంపెనీ సార్." ఫోను తీసి చూపించాడు. అందులో మా ఆయన. నీలం చొక్కా, గీసిన గడ్డం, గదవ కింద ఆధార్ కార్డు, నేను నవ్వించిన నవ్వు. ఫొటో కింద మేనేజర్ అని రాసి ఉంది. మా ఆయనకు వాళ్లు నౌకరి ఇచ్చేశారు, మాకే చెప్పలేదు.

ఆయనది మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్. కొడుకుకు గల్ఫులో పని అన్నారట. నమ్మకం లేకపోతే ఇదిగో మా మేనేజరు గారి ఆధార్ అని ఈ ఫొటో పంపారట. దాంతోపాటు పంపిన కార్డు వెనకవైపు అడ్రసు చదువుకుని వెతుక్కుంటూ వచ్చాడు. లోపలినుంచి మా ఆయన లుంగీ మీద బయటికొస్తే, ఆ మనిషి చప్పున ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"నంబరొచ్చింది సార్. ఫోన్ల చెప్పుమన్నరు. గింత పెద్దమనిషి తన ఆధార్ నా చేతుల పెట్టిండు, ఆయనకు ఫోన్ల ఎట్ల చెప్పాలె, మొకం చూసి చెప్తనని వచ్చిన." గుడ్డసంచి ముందుకు జరిపాడు. "మా చేన్ల కందిపప్పు సార్. జర మా పిలగాన్ని చూసుకోండ్రి."

ఆ నంబరు కొద్ది నిమిషాలే పనిచేస్తుందని ఆయనకు తెలియదు. ఆయన బస్సెక్కి సగం దారిలో బాన్సువాడ చేరకముందే అది చచ్చిపోయింది. ఆయన మర్యాదే ఆయన ఖాతాను కాపాడింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా ఆయన ఫోను చేతిలోకి తీసుకుని ఆ ఫొటో చూశాడు. దుబాయిలో చువ్వ పడి చేయి చితికిన రోజు, వీడియో కాల్‌లో కూడా నేను ఆయన మొహం అలా చూడలేదు.

"ఆ నంబరు చెప్పకు. నాకు గూడ చెప్పకు" అన్నాడు. "నేను సార్‌ను కాదు. సలాకలు కట్టేటోన్ని. నేను గూడ నీ లెక్కనే మోసపోయిన."

ఆ మనిషి నమ్మలేదు. ఫొటో చూస్తాడు, ఈయనను చూస్తాడు. పరీక్ష పెడుతున్నారనుకున్నాడో ఏమో, "సార్, సార్" అంటూనే ఉన్నాడు. సార్ అన్న ప్రతిసారీ మా ఆయన తల ఇంకొంచెం వంగిపోయింది. చివరికి ఆయన చేతులు చాపి చూపించాడు. తీగ కోసుకున్న మచ్చలు, కాయలు. అవి చూసి ఆ మనిషి మెల్లగా కూర్చున్నాడు.

"ఇంక ఎంతమందికి పోయింది ఈ ఫొటో?" అని మా ఆయన అడిగాడు.

"మా ఊర్ల చానమందికి వచ్చినట్టున్నది. గని ఎవ్వలు చెప్తరు? నేను ఇంట్ల గూడ చెప్పకుంట వచ్చిన."

మా ఆయన లోపలికి పోయాడు. తిరిగొచ్చేసరికి నీలం చొక్కా తొడుక్కుని ఉన్నాడు. జేబులో ఆధార్ కార్డు. "పా, నేను గూడ వస్త" అన్నాడు.

"ఏడికి?" అన్నాను నేను.

"మద్నూర్. ఈ మొకం చూసే గద నమ్ముతున్నరు. ఈ మొకమే పోయి అబద్ధమని చెప్పాలె."

అక్కడ ఎవరైనా నంబరు చెప్పేసి పోగొట్టుకున్నవాళ్లుంటే? వాళ్లకు ఈయనే దొంగ. ఫొటోలో ఉన్నది ఈయన, కార్డు మీద పేరు ఈయనది. "కొడుతరయ్యా" అన్నాను. నిజంగానే భయమేసింది.

"కొడితే కొట్టనియ్యె. ఇంట్ల కూసుంటే కొట్టకపోయినా దొంగనే గద."

కందిపప్పు సంచి ఆ మనిషి చేతికే తిరిగిచ్చాడు. ఇద్దరూ వీధిలోంచి నడుచుకుంటూ పోయారు. గడప దాటడం మానేసిన తర్వాత ఆయన పట్టపగలు, ఎవరినీ తప్పించుకోకుండా ఆ వీధిలోంచి నడవడం అదే మొదటిసారి. ఎదురింటి వదినె గుమ్మంలో నిలబడి చూసింది, మామూలు ప్రకారం ఏమీ అడగలేదు.

ఆ సాయంత్రం నేను ఒక్క కుట్టు కూడా సరిగా వేయలేదు. ఒక జాకెట్టుకు చేతులు తారుమారు చేసి కుట్టి మళ్లీ విప్పాను. దుబాయి పోయినప్పుడు ఇంత భయపడలేదు, మద్నూర్ పోతే భయపడుతున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను. పొద్దుగూకే వేళకు ఫోను మోగింది.

"చేరుకున్న" అన్నాడు.

"కొట్టిండ్రా?"

"ఒకాయన కాలర్ పట్టుకున్నడు. గుండీ తెగింది. ఇప్పుడు కూసొని ఇంటున్నరు. ఇంక మందిని పిలుస్తున్నరు, జనం వస్తున్నరు." వెనకాల గోలగా మాటలు వినబడుతున్నాయి, సగం తెలుగు, సగం మరాఠీ. ఎవరో, "అన్నా, ఇటు చెప్పు" అని పిలిచారు. "పెడుతున్న" అని ఫోను పెట్టేశాడు.

నేను మిషను ఆపి బయటికొచ్చాను. ఎదురింటి వదినె వాకిలి ఊడుస్తోంది. ఆమె పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో ఒకామె ఇంటాయన ఈ మధ్య ఫోను పట్టుకుని మేడ మీదికి పోవడం నేను చూశాను.

"వదినె, మా ఆయన మద్నూర్ పోయిండు" అని వీధంతా వినబడేలా అన్నాను. చీపురు ఆగిపోయింది. ఎందుకు పోయాడో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.